శ్రీశైలం ఘాట్లో మొదలై నెల్లూరు ఆటోనగర్లో తేలిన నా ఆటోమేటిక్ గేర్ బాక్స్ కత

డిసెంబర్ 11 గురువారం సాయంత్రం కారు ఇంటికొచ్చింది. నవంబర్ 13న గేర్ బాక్స్ రిపేరుకని ఇంకో బండి మీద ఎక్కించి పంపించా, అంటే 28 రోజులు. ఈ 28 రోజుల్లో ఫోన్ చేసిన ప్రతివాడూ బండి ఎట్టా ఉందని అడగలా, "ఆటోమేటిక్ కొనొద్దన్నా గదా" అనే మొదలుపెట్టాడు. కారణం కూడా వాళ్ళే తేల్చేశారు, ఘాట్లో చేత్తో గేర్లు మార్చావంట గదా, అందుకే గేర్ బాక్స్ పోయింది అని. అది కాదు కారణం. అసలు ఏం జరిగిందో, ఎంత వదిలిందో, యాడ ఎన్ని రోజులు పడిగాపులు పడ్డానో వరసగా రాస్తుండా, నాలాగా పాత ఆటోమేటిక్ కొనుక్కున్నోళ్ళు ఇంకెవరన్నా ఉంటే పనికొస్తది.

మాది కావలి. పోయినేడు ఎడమ మోకాలికి ఆపరేషన్ అయింది, క్లచ్ తొక్కడం తగ్గించమన్నాడు డాక్టరు. అందుకని ఈ ఆగస్టులో 2017 మోడల్ డీజిల్ బండి ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా, ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ (క్లచ్ పెడల్ బదులు ఆయిల్ ద్వారా ఇంజన్ బలాన్ని గేర్లకి పంపే రకం), 78 వేలు తిరిగింది, ఏడు లక్షల ఎనభై వేలు. కంపెనీ పేరు రాయను, తప్పు బండిది కాదు. పదిహేనేళ్ళు మామూలు గేర్ల బండి తోలిన కాలు ఊరికే ఉంటదా, మొదటి వారం ట్రంకు రోడ్డులో ఎద్దొకటి అడ్డం వస్తే ఎడం కాలుతో క్లచ్ అనుకుని బ్రేకు మీద దన్నేశా, బండి నిట్టనిలువునా ఆగిపోయింది, వెనకాల ఆటో అతను అద్దం కాడికొచ్చి తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ఆ రోజు నుంచి ఎడం కాలు సీటు కిందికి మడిచి పెట్టుకుని తోలేవాణ్ణి, అట్టా అలవాటు చేసుకున్నా.

బండి అమ్మిన పెద్దాయన తాళాలు చేతిలో పెట్టి ఒకటే జాగ్రత్త చెప్పాడు, "D లో పెట్టు, తోలు. పక్కన ఆ ప్లస్సూ మైనస్సూ ఉండాది చూడు, దాని జోలికి మాత్రం పోబాక, గేర్ బాక్స్ పోద్ది". నేను అదే నమ్మా (D అంటే గేర్లు బండే మార్చుకునేది, ప్లస్ మైనస్ అంటే మనం చేత్తో మార్చేది). గేర్ ఆయిల్ ఎప్పుడు మార్చారని అడగాలనే బుద్ధి కూడా పుట్టలా. ఇంజన్ ఆయిల్ బిల్లులు చూపించాడు, టైర్లు చూసుకున్నా, ఏసీ చూసుకున్నా, అయిపోయింది.

కార్తీకమాసం కదా, నవంబర్ 8 శనివారం పొద్దున్నే శ్రీశైలం బయల్దేరినాం. నేను, మా ఆమె, పిల్లకాయలిద్దరు, మా అత్త, మామ. కందుకూరు, పొదిలి, మార్కాపురం మీదుగా దోర్నాల చేరేసరికి పదిన్నర. అక్కడిదాకా బండి వెన్నపూసలాగా పోయింది, మామ కూడా "బాగుందయ్యా, చెయ్యి కదిలించే పనే లేదే" అన్నాడు. నల్లమలలోకి పోయినాక మొదలైంది. శని ఆదివారాలు పైగా కార్తీకం, బస్సులూ కార్లూ ఒకదాని వెనక ఒకటి. ఎక్కుడులో బండి మూడో గేరుకీ నాలుగో గేరుకీ మధ్య ఊగులాడడం మొదలుపెట్టింది, కాలు కాస్త వదిలితే నాలుగు, బరువు పడంగానే మళ్ళీ మూడు, మళ్ళీ నాలుగు, ప్రతిసారీ ఒక చిన్న ఊపు. ఏడుగురి బరువు లాగతా ఉంటే అట్టాగే ఉంటదిలే అనుకున్నా (ఆరుగురం, ఏడోది మా అత్త తెచ్చిన సామాను).

ఇంకో తప్పు కూడా చేశా, అది తప్పని అప్పుడు తెలవదు. ఎక్కుడులో ట్రాఫిక్ ఆగినప్పుడల్లా బ్రేకు తొక్కకుండా యాక్సిలేటర్ రవ్వంత తొక్కి పట్టుకుని బండిని వెనక్కి జారకుండా నిలబెట్టా. మామూలు బండిలో హాఫ్ క్లచ్ మీద నిలబెట్టే అలవాటు. ముప్పావు గంట అట్టా ఆగతా పోతా ఎక్కినాం. తర్వాత ఆటోనగర్లో గేర్ బాక్స్ బాగుచేసిన మెకానిక్ భాయ్ చెప్పాడు, అట్టా నిలబెట్టినప్పుడు కన్వర్టర్ లోపల ఆయిల్‌ని ఇంజన్ చిలకతా ఉంటది, బండి కదలదు కాబట్టి ఆ బలమంతా వేడిగా మారి ఆయిల్లోకే పోద్ది అని. మజ్జిగ చిలికితే వెన్న వస్తది, ఇది చిలికితే మాడిపోద్ది అన్నాడు.

దర్శనం బాగా జరిగింది, దాని గురించి రాయను. మరుసటి రోజు ఆదివారం మధ్యాన్నం తిరుగు ప్రయాణం. శిఖరం దాటినాక దిగుడు మొదలవుద్ది. D లోనే దిగతుండా. ఆటోమేటిక్‌లో ఉన్న గొడవ ఏందంటే, దిగుడులో మనం యాక్సిలేటర్ మీద కాలు తీసేస్తే బండి దానికి బరువు లేదనుకుని ఇంకా పై గేరుకి పోద్ది, నాలుగు, అయిదు అట్టా. పై గేర్లో ఇంజన్ బండిని పట్టదు. ఇంక మిగిలింది బ్రేకే. మలుపు మలుపుకీ బ్రేకు, అర కిలోమీటరు కాలు తియ్యకుండా బ్రేకు. తుమ్మలబైలు దాటినాక మా అత్త "ఏందయ్యా ఏదో కాలిన వాసన" అంది. బయట లారీదేమోలే అన్నా. ఇంకో రెండు మలుపులకి బ్రేకు పెడల్ మెత్తగా లోపలికి దిగడం మొదలైంది, ఎప్పుడూ ఆగేచోట ఆగలా. వెనక సీట్లో పిల్లకాయలు అంత్యాక్షరి పాడుకుంటుండారు, నాకు చొక్కా తడిసిపోయింది. మా ఆమె నా మొహం చూసి ఏం మాట్లాడలా, చెయ్యి మాత్రం డాష్‌బోర్డ్ మీద పెట్టుకుంది.

కాస్త వెడల్పు ఉన్న చోట పక్కకి తీసి ఆపేశా. ముందు చక్రాల కాడ నుంచి పొగ. మామ నీళ్ళ బాటిల్ తీసి చక్రం మీద పొయ్యబోయాడు. అప్పటికే అక్కడ ఒక లారీ ఆగుంది, దాని డ్రైవరు, యాభై యాభై అయిదేళ్ళాయన, బండి దిగి పరిగెత్తుకుంటా వచ్చాడు, "పోయొద్దు పోయొద్దు పెద్దాయనా, కాలిన డిస్కు మీద నీళ్ళు పోస్తే వంకరపోద్ది" అని. తర్వాత నా దిక్కు చూసి, "ఏం అబ్బయ్యా, గేర్లో దిగవా? బ్రేకులు కాల్చుకుని దిగుతుండావే". ఇది ఆటోమేటిక్ అన్నా, దీంట్లో గేర్లు ఉండవు అన్నా. ఆయన లోపలికి తొంగి చూసి, గేర్ రాడ్డు పక్కన ప్లస్ మైనస్ గుర్తు మీద వేలు పెట్టి, "మరి ఇదేంది?" అన్నాడు.

పోబాక అన్నారని చెప్పా. నవ్వాడు. "ఎక్కేటప్పుడు ఏ గేర్లో ఎక్కావో దిగేటప్పుడు ఆ గేర్లో దిగాల, లారీకైనా కారుకైనా అదే లెక్క".

నలభై నిమిషాలు ఆగినాం, డిస్కులు చల్లారేదాకా. తర్వాత భయం భయంగా రాడ్డు D నుంచి పక్కకి నెట్టా. మీటర్లో D పోయి 3 అని పడింది. మైనస్ ఒకసారి కొట్టా, 2. ఇంజన్ గుర్రుమని పైకి లేచింది, మూడు వేల దగ్గరికి పోయింది ముల్లు, అమ్మో ఏదో పగిలిపోద్దనుకున్నా. ఏం కాలా. బండి ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకున్నట్టు నెమ్మదించింది. కాస్త వాలు తగ్గినాక ప్లస్ కొట్టి 3. మలుపుకి ముందర బ్రేకు ఒకసారి గట్టిగా తొక్కి వదిలెయ్యడం, మిగతాదంతా ఇంజనే పట్టుకుంది. దోర్నాల దాకా బ్రేకు ఎన్నిసార్లు తొక్కానో లెక్కపెట్టొచ్చు. ఇంకో విచిత్రం, ఇంజన్ అంత అరస్తా ఉంటే డీజిల్ తాగేస్తదేమో అనుకున్నా, మీటర్లో చూస్తే ఆ టైములో అసలు తాగడమే లేదు, గేర్లో ఉండి కాలు తీసేస్తే ఇంజన్‌కి డీజిల్ పోవడం ఆగిపోద్దంట, చక్రాలే ఇంజన్‌ని తిప్పతాయి. న్యూట్రల్ వేసుకుని దిగేవాళ్ళు డీజిల్ మిగులుద్దని అనుకుంటారు గానీ న్యూట్రల్లోనే ఇంజన్ ఆగకుండా తిరగడానికి డీజిల్ కావాల, పైగా బండిని పట్టేది ఏమీ ఉండదు.

అంతా బాగుందనుకుంటే పొదిలి కాడ టీకి ఆగి, బండి వెనక్కి తీద్దామని R లో పెడితే ఏం కదల్లా. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టేంతసేపు ఆగి అప్పుడు ధడ్ మని పడింది. పొదిలి దాటి కందుకూరు రోడ్డులో చీకటి పడ్డాక రెండు నుంచి మూడుకి మారేటప్పుడు ఎవరో వెనక గుద్దినట్టు ఒక కుదుపు, మీటర్లో పసుపు లైటు, ఇంక అక్కడి నుంచి బండి మూడో గేర్లోనే ఇరుక్కుపోయింది. ఆగి బయల్దేరాలన్నా మూడే. మేకల మందలాగా ఈడ్చుకుంటా పోతుండా. పక్కకి ఆపి ఇంజన్ ఆపేసి అరగంట కూర్చున్నాం, మా మామ ఏం అనలా, ఆ అనకపోవడమే కష్టంగా ఉంది. మళ్ళీ స్టార్ట్ చేస్తే లైటు పోయింది, గేర్లు పడినాయి. కావలి చేరేసరికి రాత్రి పదిన్నర.

దీన్ని లింప్ మోడ్ అంటారంట. గేర్ బాక్స్ కంప్యూటర్‌కి ఏదో తేడా కనపడితే ఇంకా చెడిపోకుండా ఒక గేరుకి కట్టేస్తది, ఇంటికి చేరడానికి సరిపోయేంత. ఆ రోజు నాకు తెలవదు కాబట్టి గుండె ఆగినంత పనైంది.

నవంబర్ 12 బుధవారం ఇంటి ముందు నుంచి వెనక్కి తీద్దామంటే R పడనే లేదు. పక్కింటి అన్న ట్రాక్టరు తెచ్చాడు, తాడు కట్టి నెల్లూరు రోడ్డెక్కిద్దాం, ఎవడన్నా లాక్కునిపోతాడు అని. మంచికే అన్నాడు పాపం. కానీ ఆటోమేటిక్‌ని, అందులోనూ ముందు చక్రాలు లాగే బండిని, ఆ చక్రాలు నేల మీద తిరగతా ఉంటే లాక్కునిపోకూడదు, ఇంజన్ ఆగి ఉంటే లోపల ఆయిల్ పంపు తిరగదు, ఆయిల్ లేకుండా గేర్లు తిరిగి కాలిపోతాయి. ఇది నాకు ఇన్సూరెన్స్ వాళ్ళ ఫోన్లో అమ్మాయి చెప్పింది, లేకపోతే ట్రాక్టరుకి కట్టేసేవాణ్ణే. ఆమె చెప్పిన ఇంకో సంగతి, నా పాలసీలో రోడ్ సైడ్ అసిస్టెన్స్ లేదని. తోసి స్టార్ట్ చెయ్యడం కూడా వీటికి కుదరదు. మరుసటి రోజు పొద్దున బల్లబండి వచ్చింది, మొత్తం కారు పైకెక్కించేది, కావలి నుంచి నెల్లూరుకి 4,500. వీధిలో వాళ్ళంతా వచ్చి నిలబడ్డారు, కొత్త కారు వచ్చినప్పుడు కూడా ఇంతమంది రాలా.

ముందు కంపెనీ సర్వీస్ సెంటర్‌కే పంపించా, పేరెందుకులే. రేపు చెప్తాం సార్, రేపు చెప్తాం సార్ అని ఆరు రోజులు. 19వ తారీకు నేనే బస్సెక్కి పోయా. ఏసీ రూములో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, ఇరవై అయిదేళ్ళ అబ్బాయి ట్యాబ్ తిప్పి చూపించాడు, గేర్ బాక్స్ అసెంబ్లీ మార్చాల, రెండు లక్షల ఎనభై అయిదు వేలు, ప్లస్ ట్యాక్స్, ప్లస్ లేబర్. భోజనం టోకెను రేటు చెప్పినట్టు చెప్పాడు. విప్పి చూశారా అని అడిగా. విప్పం సార్, సీల్డ్ యూనిట్ అన్నాడు. ఆయిల్ చూశారా అంటే, దీంట్లో ఆయిల్ లైఫ్ టైం సార్, మార్చే పని లేదు అన్నాడు. ఎవరి లైఫ్ టైమో అడగాలని తర్వాత బస్సులో తట్టింది. స్కానింగ్ చార్జి 1,180 కట్టి బయటికొచ్చా. ఆ రాత్రి నిద్రపట్టలా. ఏడు లక్షల ఎనభై వేల బండికి మూడు లక్షల పైన గేర్ బాక్సా, మోకాలి ఆపరేషన్ అప్పే ఇంకా తీరలా, అమ్మేద్దామంటే నడవని బండిని ఎవడు కొంటాడు. మా ఆమె ఒకటే అంది, "ఇంకొకరికి చూపించండి, డాక్టరుకైనా రెండో మాట అడగతాం గదా".

ఆటోనగర్లో ఒక భాయ్ ఉన్నాడని మా ఆఫీసులో ఒకాయన చెప్పాడు. 21వ తారీకు ఇంకో 1,500 ఇచ్చి బల్లబండి మీద అక్కడికి మార్పించా. చిన్న రేకుల షెడ్డు, లోపల నాలుగు గేర్ బాక్సులు విప్పి పేపర్ల మీద పరిచి ఉన్నాయి, ఆ పళ్ళాలూ స్ప్రింగులూ చూస్తే నాకు ధైర్యం రావడం పోయి ఉన్న ధైర్యం పోయింది. భాయ్ బండి ముట్టుకోకుండా ముందు పావుగంట నన్నే అడిగాడు, ఎప్పుడు మొదలైంది, వేడి మీదా చల్లగా ఉన్నప్పుడా, R ఆలస్యమా D ఆలస్యమా, ఆయిల్ ఎప్పుడు మార్చావు. పెద్దాయనకి ఫోన్ చేసి అడిగా. "గేర్ బాక్స్‌కి ఆయిల్ కూడా ఉంటదా?" అన్నాడు ఆయన. ఎనిమిదేళ్ళ ఆయిల్.

శనివారం పొద్దున నా ఎదురుగానే డ్రెయిన్ బోల్టు విప్పాడు. ఈ ఆయిల్ కొత్తప్పుడు ఎర్రగా దానిమ్మ రసంలాగా ఉంటది, పక్కన డబ్బాలోది ఒక చుక్క తెల్ల కాగితం మీద వేసి చూపించాడు. నా బండిలోంచి వచ్చింది ఫిల్టర్ కాఫీ డికాషన్. అదే కాగితం మీద వేస్తే మధ్యలో నల్లటి చుక్క నిలబడిపోయింది, వాసన మాడిన పోపు వాసన. బోల్టుకి ఒక అయస్కాంతం ఉంటది, దాన్ని బొటనవేలితో తుడిచి నా కళ్ళ ముందు పెట్టి రెండు వేళ్ళ మధ్య రుద్దాడు. కాటుకలాగా మెత్తటి నూగు. "పలుకులు తగలతన్నాయా చూడండి సార్" అని నా వేళ్ళకి పూశాడు. తగల్లా. "పలుకులుంటే నేను కూడా మీకు ఆ రెండు లక్షల ఎనభై అయిదే చెప్పేవాణ్ణి. ఇది లోపల గేర్లు పట్టే క్లచ్ ప్లేట్ల అరుగుదల, ఎనిమిదేళ్ళకి మామూలే. బతుకుద్ది". ఆ మాటకి నాకు నిజంగా కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి, కాస్త పక్కకి పోయి టీ చెప్పొచ్చా.

కిందకి కారింది నాలుగు లీటర్లే. మొత్తం ఏడున్నర దాకా పడుద్ది, మిగతాది కన్వర్టర్లోనూ గొట్టాల్లోనూ ఉండిపోద్ది, బోల్టు విప్పితే రాదు. అందుకని ఒకసారి మారిస్తే సగమే కొత్తది, రెండోసారికి పావు పాతది, మూడోసారికి అరపావు. మిషన్ పెట్టి ఒకేసారి తోసెయ్యొచ్చు కదా అని అడిగితే, ఇన్నేళ్ళు ముట్టుకోని బాక్స్‌ని ఒక్కసారిగా ప్రెషర్ పెట్టి కడిగితే మడ్డి లేచి సన్నటి దారుల్లో పడుద్ది, నాకు ధైర్యం చాలదు అన్నాడు. వేరే మెకానిక్కులు మిషనే మేలంటారు, నేను మాత్రం చేతిలో పలుకులు వెతికిన మనిషి మాట విన్నా. ఆయిల్ మాత్రం బండి పుస్తకంలో ఏ నంబరు రాసుంటే అదే పొయ్యాల, ఎర్రగా ఉండాది గదా అని ఏదిపడితే అది పోస్తే అంతే సంగతులు, వేరే రకం ఆటోమేటిక్‌లు ఉంటాయి, సీవీటీది వేరు, డ్యూయల్ క్లచ్‌ది వేరు.

మొదటి నాలుగు లీటర్లు మార్చేసరికి R పడింది, కానీ ఇరవై కిలోమీటర్లు తిప్పితే మళ్ళీ మూడో గేర్లో ఇరుక్కుంది. స్కానర్ పెడితే ఒక సోలెనాయిడ్ చూపించింది, ఆయిల్‌ని ఏ క్లచ్‌కి పంపాలో తెరిచి మూసే చిన్న కరెంటు వాల్వు అది, మడ్డికి బిగుసుకుపోయింది. నెల్లూరులో దొరకలా. చెన్నై పుదుపేటలో పాత వాల్వ్ బాడీ (ఇట్టాంటి వాల్వులన్నీ ఉండే దిమ్మ) మొత్తం పాతిక వేలకి ఇస్తామన్నారు, భాయ్ వద్దన్నాడు, అది ఏ బండి కడుపులోంచి వచ్చిందో మనకి తెలవదు, కొత్త సోలెనాయిడ్ ఒక్కటే తెప్పిద్దాం అని. 24న డబ్బులు పంపించాం, నాలుగు రోజుల్లో వస్తదన్నారు. ఈలోగా దిత్వా తుఫాను వానలు, ఆటోనగర్లో షెడ్డు ముందర నీళ్ళు, పార్సిలు యాడుందో ఎవరికీ తెలవదు, రోజూ ఫోన్ చెయ్యడానికి నాకే మొహమాటం. నా భయమంతా షెడ్డులోకి నీళ్ళొస్తే ఎట్టా అని, గేర్ బాక్స్‌కి పైన గాలి పోయే చిన్న రంధ్రం ఉంటది, అక్కడిదాకా నీళ్ళొస్తే ఆయిల్ పాలు కలిసినట్టు గులాబీ రంగుకి తిరుగుద్దంట. భాయ్ నా బాధ చూడలేక బండిని లిఫ్ట్ మీద ఎత్తి పెట్టి ఫోటో పంపించాడు.

డిసెంబర్ 5న పార్ట్ వచ్చింది, 6న బిగించాడు, దాంతో రెండో ఆయిల్. 9న మూడోది. ఆ రోజు నేను పొద్దున్నుంచి అక్కడే కూర్చున్నా. లెవెల్ చూడడం ఎంత పనో చూసినాకే తెలిసింది. ఈ బండికి ఇంజన్ ఆయిల్‌కి ఉన్నట్టు పుల్ల లేదు. బండిని నాలుగు పక్కలా సమంగా ఎత్తి, ఇంజన్ నడస్తా ఉండంగానే, P (పార్కింగ్) నుంచి D దాకా ప్రతి గేర్లో కాసేపు ఆపి తిప్పి, స్కానర్లో ఆయిల్ వేడి చూసుకుంటా కూర్చున్నాడు. నలభై, నలభై అయిదు, యాభై. యాభై రెండు కాడ పక్క బోల్టు విప్పాడు, ఎర్రటి ధార సన్నగా పడతా పడతా దారంలాగా అయ్యి, చుక్క చుక్క అయ్యింది. "బస్" అని బిగించేశాడు. చల్లగా ఉన్నప్పుడు చూసి నింపితే వేడెక్కి ఉబ్బి ఎక్కువైపోద్ది, మరీ కాలతా ఉన్నప్పుడు చూస్తే తక్కువ పడుద్ది.

తర్వాత కంప్యూటర్లో పాత అలవాట్లు చెరిపేశాడు. ఇన్నాళ్ళూ అరిగిన ప్లేట్లకీ మాడిన ఆయిల్‌కీ తగ్గట్టు ఎంత ప్రెషర్ పెట్టాలో అది నేర్చుకుని ఉంటది, కొత్త ఆయిల్‌కి మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాల. అందుకని మొదటి వంద కిలోమీటర్లు ఒక గేరు మెత్తగా, ఒక గేరు మొరటుగా పడింది, ముందే చెప్పాడు కాబట్టి భయపడలా.

ఖర్చు: ఆయిల్ 12 లీటర్లు 10,800. సోలెనాయిడ్ 8,600. గ్యాస్కెట్లు, వాషర్లు 1,400. లేబర్ 6,500. ముందు బ్రేకు ప్యాడ్లు కాలిపోయి గాజులాగా మెరుస్తుండాయి, అవీ డిస్కులు లేత్ పట్టించడం కలిపి 4,000. రెండు బల్లబండ్లు, సర్వీస్ సెంటర్ స్కానింగ్ 7,180. మొత్తం 38,480. కావలి నెల్లూరు బస్సు చార్జీలు, పెట్టిన సెలవులు ఇందులో లేవు.

ప్లస్ మైనస్ వాడితే చెడిపోద్దా అని భాయ్‌ని కూడా అడిగా. తల కొట్టుకున్నాడు. మనం చేత్తో కొట్టేది అడగడం మాత్రమే, మార్చేది అదే, తొంభైలో పోతా రెండో గేరు అడిగినా ఇవ్వదు. నేను ఖాళీ హైవే మీద చేసి చూశా, టింగ్ అని ఒక శబ్దం వచ్చింది, గేరు మారలా. అట్టాగే ఆగేటప్పుడు మనం దించడం మర్చిపోయినా ఒకటికి అదే వచ్చేస్తది, బండి ఆగిపోదు. ఎక్కుడులో 3 లోనో 2 లోనో కట్టేస్తే మూడు నాలుగు మధ్య ఊగులాట ఉండదు, ఊగులాట లేకపోతే వేడి తక్కువ. లారీని దాటేటప్పుడు ముందే ఒకటి దించుకుంటే కాలు అదిమినాక ఆలోచించే ఆ ఒక్క క్షణం మిగులుద్ది. ఊళ్ళో మాత్రం దాంతో పనిలేదు, D చాలు, ఊరికే కొట్టుకుంటా పోతే ఒరిగేదేం లేదు.

చెడగొట్టేవి వేరే అన్నాడు, అవన్నీ నేను చేసినవే. బండి ఇంకా వెనక్కి దొర్లతా ఉండంగానే D కి లాగడం ఒకటి, పూర్తిగా ఆగినాకే మార్చాల. మా ఇంటి ముందు వాలు, నేను రోజూ P లో పడేసి దిగిపోయేవాణ్ణి, హ్యాండ్ బ్రేకు వేసేవాణ్ణి కాదు. P అంటే లోపల ఒక ఇనప పన్ను పోయి గేరులో ఇరుక్కోవడం, బండి బరువంతా ఆ పన్ను మీదే, పొద్దున P తీసేటప్పుడు టక్ మని మోగేది అదే. ఇప్పుడు బ్రేకు తొక్కి, N వేసి, హ్యాండ్ బ్రేకు లాగి, బ్రేకు వదిలి బండి బరువు హ్యాండ్ బ్రేకు మీద కూర్చున్నాక P వేస్తుండా. ఆ టక్ పోయింది. రేడియేటర్ నీళ్ళు కూడా చూసుకోమన్నాడు, గేర్ ఆయిల్ చల్లారేది కూడా దాంతోనే.

ఇంకా ఒకటి మిగిలింది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు R లో పెడితే చిన్నగా ధడ్ మంటది, ముందున్నంత కాదు. భాయ్ అయితే వెయ్యి కిలోమీటర్లు తిప్పి రండి, అప్పటికీ ఉంటే చూద్దాం అన్నాడు, ఆయిల్ మళ్ళీ నలభై వేల కిలోమీటర్లకి మార్చమని స్టిక్కర్ రాసి డోరుకి అంటించాడు. ఇవాళ్టికి 310 తిరిగింది.

సంక్రాంతి తర్వాత తిరుమల పోదామనుకుంటుండాం. కొండ దిగేటప్పుడు రెండో గేర్లో ఎట్టా దిగాలో మా ఆమెకి చెయ్యి ఊపి మరీ చెప్పా. అంతా విని, "మీరు కార్లో రండి, నేనూ పిల్లకాయలూ అమ్మా నాన్నా బస్సులో వస్తాం" అంది.